గంట కొట్టేవాళ్ళు లేని చోట

నాన్న హాస్టల్ గదిలో నీ పరుపు వేయించాడు. ఫ్యాను తిరుగుతోందో లేదో రెండుసార్లు చూశాడు. మెస్సులో నీతోపాటు ఒకపూట తిని, సాయంత్రం బండికి వెళ్ళిపోయాడు. బల్లమీద అమ్మ సర్దిచ్చిన ఆవకాయ డబ్బా, కారప్పొడి సీసా మిగిలాయి. మర్నాడు తెల్లవారుజామున అయిదింటికి నీకు మెలకువ వచ్చింది, రెండేళ్ళ అలవాటు కదా. లేచి కూర్చున్నావు. గంట మోగలేదు. తలుపు బాది లేపే వార్డెన్ రాలేదు. వరండాలో ఎవరూ లేరు. మళ్ళీ పడుకున్నావు.

మూడో వారానికల్లా ఎనిమిది గంటల క్లాసు తప్పింది. ఎవరూ అడగలేదు. నాలుగో వారంలో ఇంకో రెండు తప్పాయి. అప్పుడూ ఎవరూ అడగలేదు.

ఇది నీ కథేనా? అయితే కాసేపు నాతో కూర్చో.

ఐఐటీలో సీటు ఎలా తెచ్చుకోవాలో చెప్పేవాళ్ళు మన ఊళ్ళలో వీధికొకరు దొరుకుతారు. సీటు వచ్చాక మొదటి ఆరు నెలలు ఎలా గడపాలో చెప్పేవాళ్ళు ఎంతమంది? దేశంలో 23 ఐఐటీలున్నాయి. నువ్వు సంగారెడ్డి పక్కన కందిలో ఉన్న హైదరాబాద్ ఐఐటీలో చేరావో, ఏర్పేడు దగ్గరి తిరుపతి ఐఐటీలో చేరావో, రాత్రంతా రైల్లో కూర్చుని ఖరగ్‌పూర్‌లో దిగావో నాకు తెలియదు. ఎక్కడ చేరినా మన పిల్లలు తడబడే చోట్లు మాత్రం దాదాపు అవే.

ఇంటర్‌లో నీ రోజును ఎవరో తయారుచేసి నీ చేతిలో పెట్టారు. ఎన్నింటికి లేవాలి, ఏ స్టడీ అవర్‌లో ఏ సబ్జెక్టు చదవాలి, వీకెండ్ టెస్టులో ఏ చాప్టర్లు వస్తాయి, ఎప్పుడు ఔటింగ్, ఏ ఆదివారం ఇంటికి ఫోను, అన్నీ వాళ్ళే చెప్పారు. ఆ కష్టం చిన్నది కాదు. పదహారేళ్ళ వయసులో అలా కూర్చోగలిగినందుకు నీమీద నాకు గౌరవముంది. కానీ ఆ రెండేళ్ళలో నీకు ఎవరూ నేర్పని పనులు రెండున్నాయి. ఒకటి, ఇప్పుడు ఏం చేయాలో నువ్వే తేల్చుకోవడం. రెండోది, "నాకు ఇది రాదు" అని నోరు తెరిచి ఇంకొకరికి చెప్పడం. నువ్వు ఇక్కడ పెద్దవాడివి కావడమన్నా, పెద్దదానివి కావడమన్నా ఈ రెండు పనులతోనే మొదలవుతుంది. వీటిలోనూ రెండోదే కష్టం. అందుకే దాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

1. మొదటి క్విజ్ మార్కులతో నీ తెలివిని కొలవకు

మొదటి వారం లెక్కల క్లాసు. ప్రొఫెసర్ బోర్డు మీద ఎప్సిలాన్, డెల్టా రాసి, ఫలానా లిమిట్ ఇంత అని నిరూపించమంటారు. నీకు నవ్వొస్తుంది. ఆ లిమిట్ విలువ నువ్వు అర నిమిషంలో చెప్పగలవు. ఈఏపీసెట్‌కో జేఈఈకో అలాంటివి వందలు చేశావు. కానీ ఆయన అడిగింది విలువ కాదు, అది అంతే ఎందుకు అవుతుందో చెప్పమని. పెన్ను పట్టుకుని కూర్చుంటే మొదటి లైను కూడా కదలదు. పక్క బెంచీలో ఎవరో రాసేస్తూ ఉంటారు.

అంటే నువ్వు మొద్దువైపోయావా? కాదు. ఇన్నాళ్ళూ "ఎంత" అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం నేర్చుకున్నావు. ఇక్కడ "ఎందుకు" అని అడుగుతున్నారు. రెండూ వేరు వేరు విద్యలు, రెండోది ఇప్పుడే మొదలుపెట్టావు.

ఇంకో సంగతి. ఇక్కడ చాలా కోర్సుల్లో గ్రేడు నీ మార్కులను బట్టి మాత్రమే రాదు, క్లాసంతా ఎలా రాసిందన్నదాన్ని బట్టి వస్తుంది. పేపరు కఠినంగా ఉంటే 45కే ఏ గ్రేడు రావచ్చు. తేలికగా ఉంటే 70కి కూడా సీ రావచ్చు. కాబట్టి ఇంటర్ కళ్ళతో ఇక్కడి మార్కులు చూడకు. క్విజ్ పేపరు చేతికి రాగానే మూడు పనులు చెయ్యి: క్లాసు సగటు ఎంతో కనుక్కో, మార్కులు పోయిన చోట ఎందుకు పోయాయో ఒక్కో వాక్యం రాసుకో, ఆ కాగితం పట్టుకుని ఆ వారంలోనే ఎవరో ఒకరి దగ్గరికి వెళ్ళు. ఇంటర్‌లో ఎర్రర్ లిస్ట్ రాసేవాడివి గుర్తుందా? ఆ అలవాటు వదలకు, ఇక్కడ అది బంగారం.

మన పిల్లలు ఎక్కువగా చేసే తప్పేమిటంటే పేపరును నాలుగు మడతలు పెట్టి పుస్తకంలో దాచేయడం. అది సెమిస్టర్ చివరి పరీక్ష, అంటే ఎండ్‌సెమ్ దాకా అక్కడే ఉంటుంది.

2. రోజుకు మూడు గుంజలు పాతుకో

ఇరవై నాలుగు గంటలకూ టైంటేబుల్ వేసి గోడకు అంటించకు. రెండో రోజే తప్పుతావు, మూడో రోజు చింపేస్తావు. పందిరి నిలవడానికి ఊరంతా గుంజలు పాతనక్కర్లేదు కదా. నీ రోజుకు మూడు చాలు.

మొదటిది, లేచే సమయం. ఆదివారమైనా అదే. రెండోది, గది బయట చదివే రెండు గంటలు. లైబ్రరీలో అయినా సరే, ఖాళీ క్లాసు రూంలో అయినా సరే, గదిలో మాత్రం వద్దు. ఎందుకంటే హాస్టల్ గది నీ ఒక్కడిదే కాదు, మీ వింగ్ మొత్తానిది, అంటే ఆ వరస గదుల్లో అందరిదీ. ఎవరో ఒకరు తలుపు తోసుకుని వస్తూనే ఉంటారు, రావాలి కూడా. మూడోది, ఫోను పక్కన పెట్టి పడుకునే సమయం. రాత్రి రెండింటి దాకా మేలుకోవడం ఇక్కడ గొప్పగా చూస్తారు. ఆ గొప్పకు ఎనిమిది గంటల క్లాసు బలవుతుంది.

హాజరు సంగతి కూడా తేలిగ్గా తీసుకోకు. మద్రాసు ఐఐటీలో 85 శాతం హాజరు లేకపోతే ఎండ్‌సెమ్ రాయనివ్వరు. మీ సంస్థ నియమం ఏమిటో చేరిన వారంలోనే చదువుకో. సీనియర్ చెప్పాడని నమ్మకు, రూల్‌బుక్ తెరిచి చూడు.

వేళకు లేవడం, కూర్చోవడం నీకు ముందే అలవాటు కాబట్టి ఇంతకన్నా సాగదీయను.

3. డౌటు అడగడం ఒక పని, దాన్ని నేర్చుకోవాలి

మెదక్ జిల్లా పల్లె నుంచి ఒక కుర్రాడు వచ్చాడనుకుందాం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. మొదటి సెమిస్టర్‌లో ప్రోగ్రామింగ్ కోర్సు ఉంది. అతను కంప్యూటర్ ముందు కూర్చున్నదల్లా జేఈఈ రాసిన రోజుల్లోనే. పక్కవాళ్ళు ఎనిమిదో తరగతి నుంచే కోడ్ రాస్తున్నారు. ల్యాబులో ప్రోగ్రాం నడవదు, తెర మీద ఎర్ర అక్షరాలు వస్తాయి. చుట్టూ చూస్తాడు. అందరికీ నడుస్తున్నట్టే ఉంటుంది. చెయ్యి ఎత్తితే ఏమనుకుంటారో! పక్కవాడి ప్రోగ్రాం చూసి దించేస్తాడు. ఆ వారం గడిచిపోతుంది. పన్నెండు వారాలూ అలాగే గడిచిపోతాయి.

ఈ కుర్రాడికి లేనిది తెలివి కాదు. ఆ గదిలో తనకు సాయం చేయడానికే నిలబెట్టిన మనుషులున్నారని అతనికి ఎవరూ చెప్పలేదు. ల్యాబులో తిరిగే టీఏలు, అంటే టీచింగ్ అసిస్టెంట్లు, అందుకే ఉన్నారు. వాళ్ళు ఎంటెక్, పీహెచ్‌డీ చేసేవాళ్ళు. చాలామంది మీ ఊరిలాంటి ఊళ్ళ నుంచే వచ్చారు. ట్యుటోరియల్ క్లాసు పెట్టిందే డౌట్ల కోసం. ప్రొఫెసర్లు కొన్ని గంటలు తమ గదిలో విద్యార్థుల కోసమే కూర్చుంటారు. ఆ గంటల్లో చాలాసార్లు ఎవరూ రారు.

మరి వెళ్ళి ఏమని అడగాలి? "సర్, ఏమీ అర్థం కాలేదు" అంటే ఆయన కూడా ఏమీ చెయ్యలేరు. ఇలా చేసి చూడు.

లెక్క ఎంతవరకు వచ్చిందో కాగితం మీద రాసుకుని వెళ్ళు. ఖాళీ చేతులతో వెళ్ళకు. ఆగిపోయిన లైను కింద గీత గియ్యి. తలుపు దగ్గర నిలబడి, "సర్, మూడో ట్యుటోరియల్ నాలుగో లెక్క. ఇక్కడి దాకా వచ్చాను. ఈ మెట్టు నుంచి పక్క మెట్టుకు ఎలా వెళ్ళాలో తెలియలేదు" అను. అంతే. నీ ఇంగ్లీషు తడబడితే తడబడనీ. ఆయన చూసేది ఆ గీతను. చెప్పింది అర్థమైతే ఆయన ముందే ఒకసారి నీ మాటల్లో తిరిగి చెప్పు. అర్థం కాకపోతే, "సర్, ఇంకోసారి" అను. ఈ మాట అనడానికి గొంతు పట్టేస్తుంది, నాకు తెలుసు. మొదటిసారి పట్టేస్తుంది, అయిదోసారికి వదులుతుంది.

వెళ్ళడానికి మరీ బెరుకుగా ఉంటే ముందు మెయిల్ రాయి. అయిదు లైన్లు చాలు: నీ పేరు, రోల్ నంబరు, ఏ కోర్సు, ఏ సందేహం, ఎప్పుడు రమ్మంటారో. మూడు రోజులకూ జవాబు రాకపోతే అలిగి కూర్చోకు, క్లాసు అయ్యాక దగ్గరికి వెళ్ళి అడుగు.

చిన్న లెక్కొకటి పెట్టుకో. వారానికి రెండు డౌట్లు నోటితో అడగాలి, ఎవరినైనా సరే. నోట్‌బుక్ చివరి పేజీలో తేదీ వేసి రాసుకో. సెమిస్టర్ అయ్యేసరికి ఆ పేజీ నిండితే, నీ గ్రేడు ఏదైనా కానీ, నేను సంతోషిస్తాను.

4. భాషకు భయపడు, కానీ దాక్కోకు

జేఈఈ మెయిన్‌ను 2021 నుంచి తెలుగులోనూ రాయొచ్చు. అడ్వాన్స్‌డ్ మాత్రం ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. క్యాంపస్‌లోనూ అంతే. క్లాసులో ఇంగ్లీషు, ఉత్తరాది ఐఐటీ అయితే మెస్సు క్యూలో, వింగ్‌లో హిందీ. రెండూ కలిపి వింటుంటే తల తిరుగుతుంది. భయం సహజం.

దాక్కోవడం ఎలా ఉంటుందో చెప్పనా? తెలుగు వాళ్ళంతా ఒక బల్ల దగ్గరే తింటారు, ఒకే గదిలో సినిమా చూస్తారు, ఒకేసారి సెలవుకు వెళ్తారు. ఐఐటీల్లో మనవాళ్ళకు "గుల్టీ" అన్న పేరు ఎప్పటి నుంచో ఉంది. తెలుగు అన్న మాటను వెనక నుంచి చదివితే వచ్చిందంటారు. కొందరు సరదాగా అంటారు, కొందరు ఎద్దేవా చేస్తూ అంటారు. ఎద్దేవా చేసేవాళ్ళకు "నన్ను పేరు పెట్టి పిలువు" అని నెమ్మదిగా చెప్పు. ఒకసారి చెబితే చాలామంది మానేస్తారు.

తెలుగు గుంపును వదిలేయమని నేను అనను. జ్వరమొచ్చిన రాత్రి కారప్పొడి అన్నం కలిపిపెట్టేది వాళ్ళే. కానీ రోజుకు ఒక్క పూట వేరే బల్ల దగ్గర తిను. ఒక్క పూటే. మణిపూర్ పిల్లాడో, కేరళ పిల్లో ఎదురుగా ఉంటారు. "మీ ఊళ్ళో పొద్దున ఏం తింటారు?" అని అడిగినా చాలు, మాట మొదలవుతుంది.

మాటలకన్నా చేతులతో చేసే పని తొందరగా కలుపుతుంది. ఖరగ్‌పూర్‌లో దీపావళికి ఇల్యూమినేషన్ అని జరుపుతారు. ఒక్కో హాల్ (అక్కడ హాస్టల్‌ను అలాగే అంటారు) వాళ్ళు వెదురు తడికలకు వేల ప్రమిదలు కట్టి, వెలిగించి బొమ్మలు చూపిస్తారు. ముందు కొన్ని రాత్రులు ఫస్టియర్ వాళ్ళందరూ కూర్చుని ఆ ప్రమిదలు కట్టాలి. పక్కన కూర్చున్నవాడికి నీ హిందీ ఎలా ఉందో పట్టదు, తీగ గట్టిగా పట్టుకున్నావా లేదా అన్నదే పట్టింపు. మద్రాసులో సారంగ్, శాస్త్ర ఉత్సవాలకు వందల మంది వాలంటీర్లు కావాలి. ఇలాంటి పని ఏదైనా ఒకటి ఎంచుకో. ఒకటే. చేరిన నెలలోనే అయిదు క్లబ్బుల్లో పేరిచ్చి, దేనికీ వెళ్ళలేక అన్నిచోట్లా ముఖం చాటేయడం ఫస్టియర్‌లో చాలామంది చేసే పొరపాటు.

ఆడపిల్లలకు ప్రత్యేకంగా ఒక మాట. 2018లో అదనపు సీట్లు పెట్టాక ఐఐటీల్లో అమ్మాయిల సంఖ్య పెరిగింది, అయినా క్లాసులో అయిదుగురిలో ఒకరుగానే ఉంటారు. "మీకు కోటాలో వచ్చింది కదా" అనేవాడు ఎవరో ఒకడు తగులుతాడు. అడ్వాన్స్‌డ్‌లో అర్హత నువ్వూ తెచ్చుకున్నావు, అదే పేపరు నువ్వూ రాశావు. వాడికి సంజాయిషీ చెప్పుకోవాల్సిన అవసరం లేదు. రిజర్వేషన్‌లో వచ్చిన ప్రతి పిల్లాడికీ, పిల్లకీ నేను చెప్పేది కూడా ఇదే. ఆ మాట విని ల్యాబులో వెనక్కి జరిగి నిలబడకు. పరికరం మీద నీ చెయ్యి కూడా పడాలి.

5. బ్రాంచి గురించి ఏడుపు ఎప్పటికి ఆపాలి?

కంప్యూటర్ సైన్స్ రాలేదు. మెటలర్జీ వచ్చింది, లేదా నేవల్ ఆర్కిటెక్చర్ వచ్చింది. బంధువులకు ఆ పేరు ఎలా చెప్పాలో నాన్నకు తెలియడం లేదు. ఇదివరకు మొదటి ఏడాది మార్కులతో బ్రాంచి మార్చుకోవచ్చన్న ఆశ ఉండేది. కొన్ని ఐఐటీలు ఇప్పుడు ఆ పద్ధతే తీసేశాయి. మీ దగ్గర ఉందో లేదో కనుక్కో. ఉంటే ప్రయత్నించు. లేకపోతే ఆ తలుపు దగ్గర ఏడాది పాటు నిలబడకు.

విశాఖ పిల్లలకు నేను ఒక మాట చెబుతుంటాను. మీ ఊళ్ళో ఓడలు కట్టే హిందుస్థాన్ షిప్‌యార్డ్ ఉంది, ఉక్కు కర్మాగారం ఉంది, నౌకాదళానికి పనిచేసే పరిశోధనశాల ఉంది. ఓడల చదువును బీటెక్‌లో చెప్పే ఐఐటీలు ఖరగ్‌పూర్, మద్రాసు లాంటివి కొన్నే. మీరు చిన్నప్పటి నుంచి చూస్తున్న ఓడ నీళ్ళ మీద ఒరగకుండా ఎలా నిలుస్తుందో ఆ క్లాసులో లెక్క కట్టి చెబుతారు. ఒక్క సెమిస్టర్ మనసు పెట్టి విను. నచ్చకపోతే కోడింగ్ ఎలాగూ ఎక్కడికీ పోదు.

6. డబ్బు మాట దాచుకోకు

ఐఐటీల్లో బీటెక్ ట్యూషన్ ఫీజు 2016 నుంచి ఏడాదికి 2 లక్షలు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు అది పూర్తి మాఫీ. ఇంటి ఆదాయం ఏడాదికి లక్ష లోపు ఉన్న మిగతావారికీ పూర్తి మాఫీ. లక్ష నుంచి 5 లక్షల దాకా అయితే మూడింట రెండు వంతులు మాఫీ. ఆదాయ ధ్రువపత్రం సమయానికి ఇవ్వకే చాలామంది ఈ మాఫీ పోగొట్టుకుంటారు. ఊరి నుంచి వచ్చేటప్పుడే తెచ్చుకో. ట్యూషన్ ఫీజు పోయినా మెస్సు డబ్బులుంటాయి. కట్టడం కష్టమైతే గడువు దాటకముందే డీన్ ఆఫీసుకు వెళ్ళు. ట్రీట్‌కు పిలిచినప్పుడు "ఈ నెల నా దగ్గర లేవు, మీరు వెళ్ళిరండి" అనడం అవమానం కాదు. అన్నాక నువ్వు లేకుండా వెళ్ళలేని ఒకరిద్దరు మిగులుతారు. వాళ్ళను పోగొట్టుకోకు.

7. మనసు బరువెక్కితే ఆ రోజే చెప్పు

అన్నం సయించక, నిద్ర పట్టక, ఎవరి ముఖమూ చూడాలనిపించక రెండు వారాలు గడిచాయా? అది బద్ధకం కాదు. జ్వరం వస్తే క్యాంపస్ ఆస్పత్రికి వెళ్ళినట్టే కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళు. అన్ని ఐఐటీల్లోనూ ఉన్నారు. బ్రతకాలని లేదు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఒంటరిగా గదిలో ఉండకు. పక్క గది తలుపు కొట్టు, రాత్రి మూడయినా సరే. 14416కు ఫోన్ చెయ్యి. అది టెలీ మానస్, ప్రభుత్వ సేవ, డబ్బులు పడవు, రాత్రీపగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. పక్క గదివాడు నాలుగు రోజులుగా మెస్సుకు రాకపోతే నువ్వే వెళ్ళి తలుపు తట్టు. "తిన్నావా?" అని అడగడానికి చనువు అక్కర్లేదు.

మన ఇళ్ళలో ఎందరో పిల్లలను ఇలా పోగొట్టుకున్నాం. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

8. ఇంటికి నిజం చెప్పు

ఇది నేను చేయలేకపోయిన పని. మొదటి సెమిస్టర్ కెమిస్ట్రీ క్విజ్‌లో నాకు 20కి 4 వచ్చాయి. ఆదివారం రాత్రి ఎస్టీడీ బూత్‌లో నిలబడి "బాగానే రాశాను నాన్నా" అన్నాను. ఆ తరువాతి ఆదివారం ఇంకో అబద్ధం. డిసెంబరులో ఇంటికి వెళ్ళేసరికి ఆయన మా వీధిలో అందరికీ నేను ఫస్టు వస్తున్నానని చెప్పేశాడు. సెలవులు మొత్తం గుమ్మం దాటలేదు నేను. మార్కుల వల్ల కాదు, ఆయన సంతోషం ముందు కూర్చోలేక.

నువ్వు అలా చేయకు. అమ్మానాన్నలకు సీజీపీఏ అంటే తెలియదు, రిలేటివ్ గ్రేడింగ్ అంటే అసలే తెలియదు. వాళ్ళకు తెలిసింది వెయ్యికి తొమ్మిది వందల ఎనభై. ఇక్కడి లెక్క వాళ్ళకు నేర్పాల్సింది నువ్వే. మార్కులు వచ్చే దాకా ఆగకు, మొదటి నెలలోనే చెప్పు. ఇక్కడ అందరూ తమ ఊళ్ళో ఫస్టు వచ్చినవాళ్ళేనని, అందరూ మళ్ళీ ఫస్టు రావడం కుదరదని చెప్పు. ఫలితాలు వచ్చాక ఎవరి నోటి నుంచో వినకముందే నువ్వు ఫోన్ చెయ్యి. ముందు అంకె చెప్పు, తరువాత కారణం చెప్పు, ఆపైన ఏం చేయబోతున్నావో చెప్పు. వరస తప్పకు. కారణంతో మొదలుపెడితే సాకులా వినిపిస్తుంది.

ఆ ఫోను ఇలా సాగుతుందనుకుందాం.

"నాన్నా, రిజల్ట్స్ వచ్చాయి. ఆరు పాయింట్ ఎనిమిది."

"ఎంతకి?"

"పదికి."

అవతల కాసేపు మాట ఉండదు. "అంటే... ముందున్నావా?"

"లేను నాన్నా. మధ్యలో ఉన్నా. ప్రోగ్రామింగ్‌లో తక్కువొచ్చింది, మొదటి నెలంతా ఎవర్నీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా. జనవరిలో ఇంకో కోర్సుంది, దానికి ఇప్పట్నుంచే కూర్చుంటా."

మళ్ళీ మాట ఉండదు. టీవీ చప్పుడు తగ్గించినట్టు వినిపిస్తుంది.

"సరేలేరా. అదంతా మీ అమ్మకు నువ్వే చెప్పు. నాకు చెప్పడం రాదు."

ఫోను చేతులు మారుతుంది. అమ్మ మొదట అడిగేది ఆవకాయ అయిపోయిందా అని.